పరీక్షయు, సాక్ష్యమును

అమీరుపేట మైత్రీవనము కూడలినుండి యూసుఫ్‌గూడ దిక్కుగా పోవువారికి మధురానగర్ అను పేట తగులును. 2019వ సంవత్సరమునుండి అచట మెట్రోరైలు ఆగుచున్నది. నేను కాపురముండునది ఆ పేటలోనే. ఏ సందులో తిరిగినను విద్యార్థుల వసతిగృహముల పలకలే కన్పట్టును. వాని ప్రక్కన, విద్యుత్ స్తంభములమీద, చాయ దుకాణముల గోడలమీద జి.ఆర్.ఇ., టోఫెల్, ఐ.ఇ.ఎల్.టి.ఎస్. అను అక్షరములు అంటింపబడియుండును. తెలుగుదేశపు నలుమూలలనుండి వచ్చిన యువకులు ఈ అక్షరములను నమ్ముకొని యిచట రెండుమూడు నెలలు గడిపి పోవుచుందురు.

గత మాసమున ఒక సాయంకాలము నా పూర్వవిద్యార్థి యొకడు మా యింటికి వచ్చెను. నేను నల్లగొండ జిల్లాలో పనిచేసిన దినములలో అతడు మా పాఠశాలలో తెలుగు మాధ్యమమున పదవ తరగతి చదివినవాడు. తరువాత ఇంజనీరింగు ముగించి, పగలు చిన్న ఉద్యోగము చేయుచు, రాత్రులు చదివి, 20,000 రూపాయలకు పైబడిన రుసుము చెల్లించి జి.ఆర్.ఇ. వ్రాసెను. 340కి 309 వచ్చినవి. గణితభాగమున 165, ఆంగ్లభాగమున 144. అతడు చేరదలచిన అమెరికా విశ్వవిద్యాలయము ఈ మార్కులు పంపినను, పంపకున్నను దరఖాస్తును స్వీకరింతుమని ప్రకటించినది. “సార్, ఈ స్కోరు పంపమంటారా, మానమంటారా?” అని అతడు నన్నడిగెను.

ఆ రాత్రి నేను బదులు చెప్పలేకపోయితిని. ప్రశ్న చిన్నదిగానే కనబడుచున్నది. కాని దానివెనుక మన దేశమున నూటయరువది యేండ్లకు పైబడిన చరిత్ర కలదు. ఎఱుగని బాలుడు వాకిట నిలిచినపుడు విద్యాలయము వానిని ఎట్లు తెలిసికొనవలయును? మార్గములు రెండే. తానే పరీక్షింపవలెను, లేదా వానిని ఎఱిగినవారి మాట నమ్మవలెను. మొదటిది పరీక్ష, రెండవది సాక్ష్యము. మనవారు ఈ రెంటి నడుమ ఎన్ని పర్యాయములు ఊగులాడిరో, ఎందుచేత ఊగులాడిరో తెలిసినగాని ఆ బాలునకు బదులు చెప్పుట సాధ్యము కాదని నాకు తోచినది. ఆ విచారమునే చదువరుల యెదుట పెట్టుచున్నాను.

ప్రాచీనులు రెండు మార్గములను ఎఱుగుదురు. ఛాందోగ్యోపనిషత్తులో సత్యకామ జాబాలుడు గౌతముని యొద్దకు పోయి, తన గోత్రమేదో తనకు తెలియదని, తల్లి చెప్పిన మాటను చెప్పినట్లు విన్నవించెను. ఆ సత్యవాక్యమే సాక్ష్యముగా గైకొని గురువు వానిని శిష్యునిగా స్వీకరించెను. ఏడవ శతాబ్దమున మన దేశమునకు వచ్చిన చీనాయాత్రికుడు హ్యూన్‌త్సాంగు వ్రాసినదానినిబట్టి నలందలో పద్ధతి వేఱు. అచట ద్వారమునొద్దనే కఠిన ప్రశ్నలు వేయుచుండిరి. పదిమందిలో ఏడెనిమిదిమంది వెనుదిరిగిపోవుచుండిరి. గౌతముని యొద్దకు వచ్చినవాడు ఒక్కడు. నలందకు వచ్చువారు వేలు. ఒక్కనిని గురువు కన్నులలోనికి చూచి తెలిసికొనగలడు. వేలమందిని తెలిసికొనుటకు కొలత కావలెను. పరీక్ష పుట్టుటకు మొదటి కారణ మిదియే.

ఆధునిక కాలమున ఈ కొలత మనకు 1857లో వచ్చినది. ఆ యేట చెన్నపురి, కలకత్తా, బొంబాయి నగరములలో విశ్వవిద్యాలయములు స్థాపితములైనవి. లండను విశ్వవిద్యాలయము వానికి మాదిరి. మొదట అవి పాఠములు చెప్పునవి కావు. పరీక్షలు జరిపి పట్టములిచ్చునవి మాత్రమే. కళాశాలలో అడుగుపెట్టుటకు మెట్రిక్యులేషను అను పరీక్ష ద్వారమైనది. కోస్తా జిల్లాలలోను, రాయలసీమలోను ఉన్న తెలుగు బాలురందఱకు ఆ ద్వారమే గతి. నిజాము రాజ్యమునను స్థితి మిక్కిలి భిన్నము కాదు. 1887లో హైదరాబాదున నెలకొన్న నిజాము కళాశాలయు 1947 వఱకు మద్రాసు విశ్వవిద్యాలయమునకే అనుబంధమై యుండెను.

ఆ పరీక్షను మనము నిందింపక ముందు దాని సుగుణమును చెప్పవలయును. నీ తండ్రి యెవరు, నీ కులమేది, ఏ జమీందారుని సిఫారసు తెచ్చితివి అని ఆ ప్రశ్నపత్రము అడుగలేదు. బడికి పోగల భాగ్యము కొందఱకే కలదన్న మాట నిజమే. అయినను బడికి పోయి చదివినవాడు పేదయైనను, ధనికుడైనను ఒకే కాగితము ముందు కూర్చుండెను. ఇది ఆ కాలమునకు చిన్న సంస్కారము కాదు.

దాని దుర్గుణమును కనుగొనుటకును ఎక్కువ కాలము పట్టలేదు. 1892లో మొదట ప్రదర్శింపబడిన కన్యాశుల్క నాటకమున పరీక్ష పోయిన వెంకటేశమును, వానికి చదువు చెప్పుదునని వెంటబడిన గిరీశమును చూచి ఆనాటివారు నవ్విరి. శిక్షణాలయముల యుగమునకు గిరీశము ఆదిపురుషుడని నేననినచో మధురానగర్ వాసులు కోపింపకుందురు గాక. నవ్వురాని ఉదాహరణము మఱియొకటి కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషనులో రెండు పర్యాయములు తప్పి, మూడవ పర్యాయము నెగ్గిరి. ఇంట పేదఱికము, రోగములు, ఆత్మీయుల మరణములు. ఇవి యేవియు ఆ మార్కుల పట్టికలో కనబడవు. ఆయనయే తరువాత హార్వర్డులో ఫిస్కేతో కూడి దేహకణములలోని శక్తిపదార్థమును గుర్తించినవారు. ఫోలిక్ ఆమ్లమును, బోదకాలు వ్యాధికి మందును లోకమునకు అందించిన పరిశోధకులకు నాయకులు. మూడవ పర్యాయము రుసుము కట్టుటకు ఆ యింట డబ్బు లేకుండినచో ఏమయ్యెడిది? ఆ రెండు వైఫల్యములు ఆయన బుద్ధిని కొలిచినవా, ఆయన యింటి కష్టమును కొలిచినవా?

ఇట్టి ప్రశ్నలు పాలకులకును తోచినవి. 1911 నాటికి మద్రాసు రాజధానిలో మెట్రిక్యులేషను స్థానమున ‘సెకండరీ స్కూల్ లీవింగ్ సర్టిఫికెట్’ పద్ధతి అమలులోనికి వచ్చెను. నేడు మనము ఎస్.ఎస్.సి. అని పిలుచుదాని పూర్వరూప మిదియే. దీని మూలోద్దేశము నేటి యువకులకు ఆశ్చర్యము కలిగింపగలదు. ఆ యోగ్యతాపత్రమున ఉపాధ్యాయులు పాఠశాలలో వేసిన మార్కులు ఒకవైపును, సర్కారు పరీక్షలో వచ్చిన మార్కులు మఱియొకవైపును ఉండెడివి. ఉత్తీర్ణుడు, అనుత్తీర్ణుడు అను మాట అందు ఉండదు. రెండు పట్టికలను చూచి, బాలుడు తగునో తగడో పై విద్యాలయమే నిర్ణయించుకొనవలెను. పరీక్షతోపాటు సాక్ష్యమును పీటవేసి కూర్చుండబెట్టిన తొలి ప్రయత్నము మన రాజధానిలో ఇదియే యని నా తలంపు.

ఆ ప్రయత్నము నిలువలేదు. కళాశాలలు చేర్చుకొనుటకు ఒక గీత గీసినవి. గీతకు పైనున్నవానిని జనులు ‘ఎలిజిబుల్’ అనిరి. క్రిందనున్నవాడు మామూలుగానే ‘ఫెయిల్’ అయ్యెను. గురువుల మార్కులపట్టికను చదువువారు తగ్గిపోయిరి. సర్కారు మార్కులే మిగిలినవి. ఆ పరీక్షను పట్టుకొనియే భాషావివాదమును చెలరేగెను. వ్యాసరచనలో వ్యావహారికమును అనుమతింపవలెనని గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడిరి. 1914లో గురజాడ అప్పారావుగారు విశ్వవిద్యాలయమునకు తమ అసమ్మతిపత్రమును సమర్పించిరి. అప్పటికి గ్రాంథికపక్షమే నెగ్గెను. బాలుడు ఏ తెలుగు వ్రాయవలెనో బడికంటె, ఇంటికంటె పరీక్షయే నిర్ణయించుచుండెననుటకు ఇంతకంటె నిదర్శనమేల? ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపితమై, పరభాషయగు ఆంగ్లమును తొలగించి దేశభాషలో ఉన్నతవిద్య నేర్పిన కీర్తిని గడించెను. ఆ దేశభాష ఉర్దూ. తెలంగాణపు తెలుగు బాలునకు మాత్రము ఒక తాళము పోయి మఱియొక తాళము వచ్చినది.

సాక్ష్యము నెగ్గిన ఘట్టమును చరిత్రలో లేకపోలేదు. శ్రీనివాస రామానుజన్ ఎఫ్.ఏ. పరీక్ష నెగ్గలేకపోయెను. పట్టము లేని ఆ గుమాస్తా లెక్కల పుస్తకములను చెన్నపురి ఓడరేవు కార్యాలయమున చూచి, వాతావరణశాఖాధికారి గిల్బర్ట్ వాకర్ మద్రాసు విశ్వవిద్యాలయమునకు లేఖ వ్రాసెను. 1913లో ఆ విశ్వవిద్యాలయము తన నియమమును తానే సడలించి, నెలకు 75 రూపాయల పరిశోధనవేతనమును రామానుజనునకు ఇచ్చెను. ఇచట గమనింపవలసినది ఒక్కటి. వాకర్ ఎవరినిబడితే వారిని మేధావియని పొగడువాడైనచో ఆ లేఖకు విలువ యుండెడిది కాదు. సాక్ష్యము చెల్లుటకు సాక్షి మాట చెల్లవలెను.

స్వాతంత్ర్యానంతరము కథ మఱియొక మలుపు తిరిగినది. ఇంజనీరింగు, వైద్యకళాశాలలలో సీట్లు తక్కువ, కోరువారు ఎక్కువ. డబ్బు పుచ్చుకొని సీట్లిచ్చు కాపిటేషన్ ఫీజు దురాచారము ప్రబలెను. దానిని నిషేధించుచు ఆంధ్రప్రదేశ శాసనసభ 1983లో 5వ చట్టమును చేసెను. అర్హతపరీక్ష మార్కులనుబట్టి గాని, ప్రవేశపరీక్షలోని ర్యాంకునుబట్టి గాని విద్యార్థులను చేర్చుకొనవచ్చునని ఆ చట్టము రెండు మార్గములను తెఱచియుంచినది. ఆచరణలో నెగ్గినది ప్రవేశపరీక్షయే. అదియే ఎంసెట్టు. మూడు గంటలు, 160 బిట్లు, వెనువెంటనే ర్యాంకు. డబ్బుసంచికి బదులుగా ర్యాంకుకార్డు వచ్చినది. నాబోటి ఉపాధ్యాయుల తరమువారు దీనిని న్యాయమనియే భావించిరి, అది న్యాయమే. రైతుబిడ్డలు, నేతకార్మికుల బిడ్డలు ఆ ద్వారమున ప్రవేశించి వైద్యులైరి, ఇంజనీర్లైరి.

కాని ద్వారమున మూసిన డబ్బు కిటికీనుండి ప్రవేశించెను. ర్యాంకును కొనరాదు, ర్యాంకునకు కావలసిన శిక్షణమును కొనవచ్చును గదా! తెల్లవాఱుజామున లేపి రాత్రి పదింటివఱకు బిట్లు వల్లెవేయించు కళాశాలలు ఊరూర వెలసినవి. ఇంటర్మీడియెట్టు చదువు పేరునకు మాత్రమే మిగిలినది. దానికి విరుగుడుగా ఇంటర్మీడియెట్టు మార్కులకు ర్యాంకులో 25 శాతము పాలు కల్పించిరి. అపుడు కళాశాలలు ఆ మార్కులను గూడ బిట్లవలెనే పండింప నేర్చినవి. 2016లో తెలంగాణమున వైద్యవిద్యకు జరిగిన రెండవ ఎంసెట్టు ప్రశ్నపత్రము ముందుగానే బయటపడుటచే ఆ పరీక్ష రద్దయి, సెప్టెంబరులో మూడవ పర్యాయము జరుపవలసి వచ్చెను. తప్పుచేయని బాలబాలికలు ఒకే యేట ఒకే పరీక్షకు మరల మరల కూర్చుండిరి. ఇక 2023లో జరిగిన వింత చూడుడు. తెలంగాణ ప్రభుత్వము 25 శాతపు పాలును శాశ్వతముగా తొలగించినది. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము అదే యేట దానిని మరల ప్రవేశపెట్టినది. నిన్నటివఱకు ఒక్కటిగానున్న రాష్ట్రము, ఒకే భాష, ఒకే పాఠ్యక్రమపు వారసత్వము. తీర్పులు మాత్రము రెండు. ప్రక్కనున్న తమిళనాడు 2006 నాటి చట్టముచేత ఇంజనీరింగు ప్రవేశపరీక్షనే తీసివేసి పండ్రెండవ తరగతి మార్కులతో సరిపెట్టుకొనినది. కొలతను మార్చినంతమాత్రమున వ్యాధి తీరదని దీనివలన తెలియుచున్నది.

ఈ చరిత్రలో నాకు ఆశ కలిగించునది ఒక్కటి కలదు. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణములు వెలసినవి. జనులు వానిని ట్రిపుల్ ఐటీలని పిలుతురు. అందు చేరుటకు ప్రత్యేక ప్రవేశపరీక్ష పెట్టలేదు. పదవ తరగతి ఫలితమే ఆధారము. ప్రభుత్వ పాఠశాలలో చదివిన బాలుని పది పాయింట్ల సగటునకు 0.4 కలిపి లెక్కించిరి. ఈ సున్న దశాంశము నాలుగును కొందఱు దయ యనిరి. అది దయ కాదు, అనువాదము. ట్యూషను లేక, ఇంట చదువు చెప్పువారు లేక వచ్చిన తొమ్మిదిన్నర, అన్నియు అమరినచోట వచ్చిన తొమ్మిదిన్నరతో సమానము కాదని ఆ అంకె చెప్పుచున్నది. అది ఆ బాలుని పక్షమున ప్రభుత్వమే పలికిన సాక్ష్యము. ఆ పద్ధతివలన, ఇంటిలో మొదటి పట్టభద్రులైన పల్లెపిల్లలు ఎందఱో ఇంజనీర్లైరి. 2020లో కరోనా వ్యాధివలన పదవ తరగతి పరీక్షలు రద్దయినపుడు మాత్రము ఆంధ్రప్రదేశమున ఆ విశ్వవిద్యాలయమునకును ప్రవేశపరీక్ష జరుపవలసి వచ్చెను. సర్కారు పరీక్ష లేనపుడు ఉపాధ్యాయులు వేసిన మార్కులు ఎవరికిని చాలలేదన్నమాట. ఈ విషయము తలచుకొనినపుడెల్ల నాకు సిగ్గు కలుగును. కారణమును తరువాత చెప్పెదను.

ఇక అమెరికా సంగతి. మన యువకుల కలలకు గమ్యమైన ఆ దేశమున శాట్ అను పరీక్ష 1926లోను, జి.ఆర్.ఇ. 1936లోను మొదలైనవి. మార్కులు పంపుట ఐచ్ఛికమని 1969లోనే బోడిన్ కళాశాల నిర్ణయించెను గాని, ఆ భావము వెల్లువయైనది 2020లో కరోనా వచ్చినపుడే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము శాట్ మార్కులను చూచుటయే మానివేసినది. జి.ఆర్.ఇ.ని సైతము పలు శాఖలు విడిచిపెట్టినవి, కొన్ని ఐచ్ఛికము చేసినవి. కాని 2022లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయము శాట్‌ను మరల కోరినది. 2024లో డార్ట్‌మత్ కళాశాలయు ఆ మార్గమునే పట్టినది. డార్ట్‌మత్‌వారు చెప్పిన కారణము మనము చెవియొగ్గి వినదగినది. పేద కుటుంబముల విద్యార్థులు తమ మార్కులు తక్కువని భయపడి దాచుకొనిరి. వారి పాఠశాలల స్థితిని తెలిసి చదువువారికి ఆ మార్కులే వారి ప్రతిభకు నిదర్శనములై యుండెడివట. ద్వారము తెఱచితిమని వారనుకొనిరి; లోపలికి రాదగినవాడు తన యోగ్యతాపత్రమును జేబులో దాచుకొని వెలుపలనే నిలిచెను.

ఈ మాట చదివినపుడు నా పూర్వవిద్యార్థి ముఖము నా కన్నులయెదుట నిలిచినది.

ఇక నా సిగ్గునకు కారణము. పాఠశాలలో ఉపాధ్యాయులు స్వయముగా వేయదగిన అంతర్గత మార్కులు కొన్ని కలవు. ప్రక్కబడివారు ఇరువదికి ఇరువది వేయుచున్నారు, మన పిల్లలు నష్టపోవుదురు అని నేనును అందఱకు ఇరువది వేసితిని. రేయింబవళ్లు కష్టపడినవానికిని ఇరువదియే, పుస్తకము తెఱవనివానికిని ఇరువదియే. ఒక్కొక్క ఇరువది ఒక్కొక్క బాలునకు మేలు చేసినదని అనుకొంటిని. అన్నియు కలిసి మా మాట విలువను హరించినవి. కళాశాలలలో ఇంకొక ఆచారము కలదు. పైదేశములకు పోవు విద్యార్థి తన్ను పొగడుకొను లేఖను తానే వ్రాసికొని తెచ్చును. గురువు చదువకయే సంతకము చేయును. సాక్ష్యమును ఇట్లు మనమే చెడగొట్టుకొని, పరీక్ష క్రూరమని విలపించుట న్యాయమగునా? పరీక్ష వలదనువారు ఎందఱో కలరు. వారి కరుణ మెచ్చదగినదే. కాని పరీక్షను తీసివేసినచోట నమ్మదగిన సాక్ష్యమును నిలుపనిచో, ఆ ఖాళీలోనికి సిఫారసును, డబ్బును మరల వచ్చి కూర్చుండును. 1983కు ముందటి కథ అదియే.

కావున నేను కోరునది రెండు పనులు. అంకెను చదువువారు, అది ఏ నేలమీద పండినదో తెలిసి చదువవలెను. సున్న దశాంశము నాలుగు ఇందుకు మన యింటి మాదిరి. సాక్ష్యము పలుకువారు నిజము పలుకవలెను. ఇది ఉపాధ్యాయుల చేతిలోని పని. దీనికి ఏ చట్టమును అక్కఱలేదు, ఏ కమిటీయు కూర్చుండనక్కఱలేదు.

వారము దినముల తరువాత ఆ యువకుని మరల పిలిపించితిని. “పంపు నాయనా. చూడమన్నవారికి రుసుము కట్టి పంపవద్దు గాని, చూడము అననివారికి తప్పక పంపు” అని చెప్పబోయి, నా మాట నాకే తలక్రిందులైనదని గ్రహించి నవ్వుకొంటిని. సరిదిద్దుకొని చెప్పితిని: “మార్కులు చూడమని స్పష్టముగా చెప్పినచోటికి పంపి డబ్బు పాడుచేయకు. ఐచ్ఛికమన్నచోటికి పంపు. 144ను చూచి సిగ్గుపడకు, 165ను దాచుకొనకు.”

అతడు కొంతసేపు మౌనముగా కూర్చుండి, దరఖాస్తునకు మూడు లేఖలు కావలెననియు, మూడవది నేను వ్రాయవచ్చుననియు చెప్పెను. తాను ముసాయిదా వ్రాసి తెచ్చెదననియు అనెను. వలదంటిని. ఆ రాత్రి నేనే వ్రాసితిని. అతడు ఆంగ్లమును మొదట విన్నది ఏ తరగతిలోనో, మా బడిలో గణితోపాధ్యాయుడు లేని సంవత్సరమున అతడు తనకంటె చిన్నవారికి లెక్కలు ఎట్లు చెప్పెనో వ్రాసితిని. ఆంగ్లరచనలో ఇంకను తడబడుచున్నాడనియు వ్రాసితిని. ఆ వాక్యమును కొట్టివేయుదునా అని చాలసేపు ఆలోచించితిని. అది లేనిచో తక్కినవి ఎవరు నమ్ముదురు? దానిని అట్లే ఉంచి సంతకము చేసితిని.